గ్రాఫిక్ డిజైనరు (వృత్తి ప్రవేశం)

గ్రాఫిక్ డిజైనరు అనగా అక్షరాలు, బొమ్మలు, రంగులు మరియు ఖాళీ స్థలాలను ఒక ప్రయోజనం కోసం అమర్చి, చెప్పదలచిన విషయాన్ని చూపరికి చేరవేసే వృత్తి నిపుణుడు లేదా నిపుణురాలు. పుస్తకాల అట్టలు, సంస్థల చిహ్నాలు (లోగోలు), సరుకుల పొట్లాలపై అచ్చు వేసే లేబుళ్ళు, సినిమా పోస్టర్లు, పత్రికల పుటలు, దుకాణాల బోర్డులు, మొబైల్ అనువర్తనాల తెరలు ఈ వృత్తి పరిధిలోకి వస్తాయి. చిత్రకారుడు తన భావాన్ని తాను వ్యక్తం చేస్తాడు. డిజైనరు మాత్రం ఇతరుల అవసరాన్ని అర్థం చేసుకొని దానికి రూపం ఇస్తాడు. విద్యార్థి దశ నుండి వృత్తిలోకి అడుగుపెట్టేవారు మొదట గ్రహించవలసిన తేడా ఇదే.

ఈ వ్యాసంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఈ చదువుకు ఉన్న అవకాశాలు, తెలుగు లిపితో చేసే పనిలోని ప్రత్యేకతలు, తొలి పనుల సంపుటి, తొలి ఒప్పందం మొదలైన విషయాలు రాయలసీమలోని మైదుకూరు వంటి పట్టణపు విద్యార్థిని దృష్టిలో ఉంచుకొని వివరించబడినవి.

చరిత్ర

"గ్రాఫిక్ డిజైన్" అనే పదబంధాన్ని అమెరికాకు చెందిన విలియం అడిసన్ డ్విగ్గిన్స్ 1922లో రాసిన ఒక వ్యాసంలో వాడాడు. తెలుగునాట ఈ పేరు ప్రచారంలోకి రాకముందు ఇదే పనిని "కమర్షియల్ ఆర్ట్" అని, సినిమా రంగంలో "పబ్లిసిటీ డిజైన్" అని పిలిచేవారు. కళాశాలల్లో దీనిని "అప్లైడ్ ఆర్ట్" (అనువర్తిత కళ) అనే పేరుతో బోధిస్తున్నారు.

తెలుగువారిలో ఈ వృత్తిలో పేరు పొందినవారు ఒకే దారిలో రాలేదు. బాపు (సత్తిరాజు లక్ష్మీనారాయణ, 1933-2014) 1955లో మద్రాసు విశ్వవిద్యాలయం నుండి న్యాయశాస్త్ర పట్టా పొందాడు. అయితే న్యాయవాద వృత్తి చేపట్టక పత్రికలకు బొమ్మలు వేశాడు, ప్రకటనల సంస్థలలో పనిచేశాడు. ఆయన చేతిరాత తరువాతి కాలంలో కంప్యూటరు ఫాంటుగా కూడా రూపొందినది. పాలకొల్లుకు చెందిన ఈశ్వర్ (1938-2021) కాకినాడలో పాలిటెక్నిక్ చదువును మధ్యలో విడిచి మద్రాసు చేరి, కేతా అనే పబ్లిసిటీ చిత్రకారుని వద్ద పని నేర్చుకున్నాడు. తరువాత బాపు తీసిన సాక్షి (1967) చిత్రంతో స్వతంత్ర డిజైనరు అయ్యాడు. నల్గొండ ప్రాంతంలోని కదిరేనిగూడెం గ్రామంలో పుట్టిన ఏలె లక్ష్మణ్ సైన్‌బోర్డులు రాస్తూ జీవనం ప్రారంభించి, తరువాత హైదరాబాదులో లలితకళలు చదివాడు. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్ర అధికారిక చిహ్నాన్ని రూపొందించినది ఆయనే.

న్యాయశాస్త్రం చదివినవాడు, చదువు మధ్యలో మానినవాడు, బోర్డులు రాసినవాడు ఈ ముగ్గురూ. అయితే డిజైను పనిని ఇతరుల కింద లేదా బజారులో ప్రత్యక్షంగా చేసి నేర్చుకోవడం ముగ్గురికీ ఉమ్మడి విషయం.

మైదుకూరు పరిసరాలు

మైదుకూరు వైఎస్ఆర్ కడప జిల్లాలోని పురపాలక పట్టణం. కడప-కర్నూలు రహదారి, నెల్లూరు-బళ్ళారి రహదారి ఇక్కడ కలుస్తాయి. చుట్టుపక్కల పసుపు, ఉల్లి, వరి పండిస్తారు. బ్రహ్మంగారిమఠం, ప్రొద్దుటూరు సమీపంలో ఉన్నాయి. కూడలి పట్టణం కావడంతో బోర్డులు, బ్యానర్లు, కరపత్రాలు, పెండ్లి పత్రికల వంటి పనులకు ఇటువంటి చోట్ల ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. డీటీపీ కేంద్రం, ఫ్లెక్సీ ముద్రణ దుకాణం, స్టూడియో అనే మూడు చోట్ల ఆ పని జరుగుతుంది.

2000ల దశకంలో ఫ్లెక్సీ ముద్రణ యంత్రాలు వ్యాపించడంతో చేత్తో బోర్డులు రాసే కళాకారుల ఉపాధి చాలావరకు పోయినది. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీలపై నిషేధం ప్రకటించినపుడు అదే ఆందోళన ఫ్లెక్సీ దుకాణాలవారికి ఎదురైనది. యంత్రాలు, పదార్థాలు మారుతూనే ఉంటాయి. అక్షరాన్ని, స్థలాన్ని అమర్చే విద్య తెలిసినవారు కొత్త పనిముట్టుకు మారగలరు. పనిముట్టు ఒక్కటే తెలిసినవారికి ఆ మార్పు కష్టమవుతుంది.

తెలుగు అక్షరానికి, ఈ జిల్లాకు పాత సంబంధం ఉన్నది. ఇప్పటివరకు తెలిసిన తొలి తెలుగు శాసనాలైన కలమళ్ళ, ఎర్రగుడిపాడు శాసనాలు ఈ జిల్లాలోనివే. రేనాటి చోళుల కాలానికి చెందిన కలమళ్ళ శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిదని పండితులు నిర్ణయించారు. లిపి రూపకల్పనపై ఆసక్తి ఉన్న విద్యార్థికి ఇవి దగ్గరలోనే దొరికే అధ్యయన వస్తువులు.

చదువు

ఈ రంగంలో ప్రవేశానికి సైన్సు గ్రూపు తప్పనిసరి కాదు. ఇంటర్మీడియట్ లేదా దానికి సమానమైన చదువు పూర్తిచేసినవారు ఈ క్రింది మార్గాలలో చేరవచ్చును.

* బి.ఎఫ్.ఎ. (అప్లైడ్ ఆర్ట్): నాలుగేళ్ళ కోర్సు. హైదరాబాదులో 1940లో మొదలైన కళల పాఠశాల క్రమంగా ఎదిగి, 2008లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో భాగమైనది. 2020లో చేసిన చట్టం ద్వారా కడపలో డాక్టర్ వైఎస్ఆర్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఏర్పడినది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ ప్రవేశాలకు ఏడీసెట్ అనే పరీక్ష నిర్వహిస్తారు. కడపలో ఇటువంటి సంస్థ ఏర్పడటంతో మైదుకూరు విద్యార్థి సుమారు 40 కిలోమీటర్ల దూరంలోనే లలితకళల పట్టా చదివే వీలు కలిగినది.
* బి.డెస్.: జాతీయ డిజైన్ సంస్థ (ఎన్.ఐ.డి.) 1961లో అహ్మదాబాదులో స్థాపించబడినది. ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్.ఐ.డి. 2015లో తరగతులు ప్రారంభించినది. ఇక్కడ కమ్యూనికేషన్ డిజైన్ ఒక విభాగం. ఐఐటీ హైదరాబాదులోని డిజైన్ విభాగంలో ప్రవేశానికి యూసీడ్ అనే జాతీయ పరీక్ష రాయాలి.
* ఫ్యాషన్ కమ్యూనికేషన్: హైదరాబాదులోని నిఫ్ట్ (1995) లో బోధిస్తారు.
* డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలు: ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే ఈ సాంకేతిక ధృవపత్ర పరీక్షలు ప్రధానంగా డ్రాయింగు ఉపాధ్యాయులు కాదలచినవారికి ఉద్దేశించినవి. అయినా చేతిపనిలో పునాది వేసుకోవడానికి ఉపయోగపడతాయి.

ప్రవేశ పరీక్షలలో అందంగా బొమ్మ వేయడాన్ని మాత్రమే చూడరు. పరిశీలన, ఊహాశక్తి, ఒక సమస్యకు ఎన్ని విధాల పరిష్కారం ఆలోచించగలరు అనేవి కూడా పరీక్షిస్తారు. అందుచేత సంతలో మనుషులను, బస్టాండులో గుంపులను చూసి రోజూ గీతలు గీయడం మంచి సాధన.

పనిముట్లు

డీటీపీ కేంద్రాలలో చాలాకాలం పేజ్‌మేకర్ (1985), కోరల్‌డ్రా (1989), ఫోటోషాప్ (1990) ప్రధాన సాఫ్టువేర్లుగా ఉన్నాయి. పుస్తకాల పుటల అమరికకు ఇన్‌డిజైన్ (1999) వచ్చినది. ఇవి కొనలేని విద్యార్థులు ఉచితంగా లభించే ఇంక్‌స్కేప్, గింప్, స్క్రైబస్, క్రిటాలతో నేర్చుకోవచ్చును.

సాఫ్టువేరు కన్నా ముందు ముద్రణ లెక్కలు తెలియాలి. కంప్యూటరు తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో రంగులను చూపిస్తుంది. ముద్రణ యంత్రం సయాన్, మజెంటా, పసుపు, నలుపు సిరాలను వాడుతుంది. కాబట్టి తెరపై మెరిసిన రంగు కాగితంపై మందగించవచ్చు. 3.5 × 2 అంగుళాల విజిటింగు కార్డుకు అంగుళానికి 300 చుక్కల చొప్పున 1050 × 600 చుక్కలు చాలును. అదే లెక్కను 10 × 6 అడుగుల బ్యానరుకు వర్తింపజేస్తే 36,000 × 21,600 చుక్కలు అవుతాయి. దూరం నుండి చూసే బ్యానరుకు అంత స్పష్టత అవసరం లేదు. అంగుళానికి 72 చుక్కలు తీసుకుంటే 8,640 × 5,184 చుక్కలతో పని జరుగుతుంది. కాగితం అంచు వరకు రంగు ఉండే పనులలో, కత్తిరింపులో తెల్లని గీత పడకుండా, నాలుగు వైపులా సాధారణంగా 3 మిల్లీమీటర్లు అదనంగా వదులుతారు.

తెలుగు లిపితో పని

తెలుగు డిజైనరుకు ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలలో లేని సమస్యలు ఎదురవుతాయి. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, క్రింద ఒత్తులు వస్తాయి. అందువలన రోమను లిపికి సరిపోయే పంక్తుల ఎడం తెలుగుకు చాలదు. పై పంక్తిలోని ఒత్తు క్రింది పంక్తిలోని గుడిని తాకుతుంది. అక్షరాలను అడ్డంగా సాగదీస్తే గుండ్రదనం చెడి చదవడం కష్టమవుతుంది.

రెండవ సమస్య సంకేతాలకు సంబంధించినది. ముద్రణ రంగంలో విస్తృతంగా వాడిన అను ఫాంట్లు యూనికోడుకు చెందినవి కావు. వాటిలో తెలుగు అక్షర భాగాలను రోమను అక్షరాల స్థానాలలో ఉంచారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అదే పాఠ్యం అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. దానిని వెతకడం గాని, నేరుగా మొబైలు తెరకు మార్చడం గాని వీలుకాదు. 1991లో వెలువడిన యూనికోడు ప్రమాణంలో తెలుగుకు ప్రత్యేక స్థానం లభించినది. అయినా పుటల అమరిక సాఫ్టువేర్లలో తెలుగు సంయుక్తాక్షరాలు సరిగా కుదరడానికి చాలాకాలం పట్టినది. 2012లో విడుదలైన ఇన్‌డిజైన్ సీఎస్6 తెలుగుతో సహా పది భారతీయ భాషలకు ఈ వసతి కల్పించినది.

యూనికోడు ఫాంట్లలో తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన, వేమన తొలినాళ్ళవి. తరువాత సిలికానాంధ్ర సంస్థ ద్వారా మండలి, రామభద్ర, సూరన్న, మల్లన్న, ఎన్‌టీఆర్ మొదలైన ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో వెలువడినవి. ఇవి రుసుము లేకుండా వాణిజ్య పనులకు కూడా వాడుకోదగినవి. వృత్తిలో ప్రవేశించే తెలుగు విద్యార్థికి అను కీబోర్డు, యూనికోడు రెండూ తెలియడం లాభకరం. మొదటిది స్థానిక అచ్చుశాలలో పని ఇప్పిస్తుంది. రెండవది ఆ పనిని పట్టణం దాటిస్తుంది.

పనుల సంపుటి

ఉద్యోగానికి గాని, ఉన్నత చదువుకు గాని డిజైనరు చూపించే పనుల సంపుటిని పోర్ట్‌ఫోలియో అంటారు. దీనిలో పది చక్కని పనులు ఉంటే చాలును. యాభై సాధారణమైన పనుల కన్నా అవి మేలు. తుది రూపంతో పాటు తొలి చిత్తు గీతలు, వదిలివేసిన ఆలోచనలు కూడా చూపాలి. వాటి వల్ల ఆలోచించిన తీరు తెలుస్తుంది.

పనులు లేని విద్యార్థి తన ఊరి సమస్యలనే తీసుకోవచ్చును. ఉదాహరణకు బస్టాండులో ప్రయాణీకులు సులభంగా చదవగల వేళల పట్టిక, చదువురాని రైతుకు అర్థమయ్యే పురుగుమందు జాగ్రత్తల పటం, స్థానిక పసుపు పొడికి ఒక లేబులు. చివరి పని సులభమనిపించినా అందులో చట్టపరమైన అంశాలు ఉన్నాయి. నికర బరువు, గరిష్ట చిల్లర ధర, తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు సంఖ్య, శాకాహారాన్ని సూచించే ఆకుపచ్చ గుర్తు ఉండాలి. ఇవన్నీ అరచేతి పరిమాణంలో చదవగలిగేలా అమర్చడం విద్యార్థి నేర్పుకు మంచి పరీక్ష. ఊహించి చేసిన పనిని అసలైన వ్యాపార సంస్థకు చేసినట్లు చూపరాదు. అది అభ్యాసం కోసం చేసినదని రాయాలి.

తొలి ఒప్పందం

చిన్న పట్టణాలలో తొలి పనులు తెలిసినవారి ద్వారా వస్తాయి. కాబట్టి ధర అడగడానికి విద్యార్థులు మొహమాటపడతారు. "నీకూ పేరు వస్తుంది కదా" అనే మాటతో ఉచితంగా చేయించుకోవడం ఈ వృత్తిలో సాధారణం. గంటల లెక్క వేసుకోవడం దీనికి ఒక పరిష్కారం. ఒక లోగోకు 20 గంటలు పడుతుందనీ, గంటకు 150 రూపాయలు అనీ అనుకుంటే శ్రమ విలువ 3,000 రూపాయలు. నమూనా ముద్రణ, ప్రయాణం వంటి ఖర్చులు దీనికి అదనం. సగం సొమ్ము ముందుగా తీసుకోవడం, ఎన్నిసార్లు మార్పులు చేస్తారో ముందే చెప్పడం మంచి పద్ధతులు.

హక్కుల విషయంలో భారత కాపీరైటు చట్టం (1957) లోని కొన్ని అంశాలు తెలుసుకోవాలి. సాధారణంగా ఒక కళాకృతికి దానిని సృష్టించినవారే తొలి హక్కుదారు. ఉద్యోగ ధర్మంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమాని హక్కుదారు అవుతాడు. డబ్బు ఇచ్చి చేయించుకున్న చిత్రపటాల వంటి కొన్ని కృతులకు వేరే నియమం ఉన్నది. హక్కుల బదిలీ లిఖితపూర్వకంగా ఉండాలి. బదిలీ పత్రంలో కాలం చెప్పకపోతే ఐదేళ్ళకు, ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికి మాత్రమే అది వర్తిస్తుంది. కాబట్టి లోగో చేయించుకున్న దుకాణదారుకు కూడా కాగితంపై ఒప్పందం అవసరమే. ఒక పుటలో తెలుగులో రాసుకున్న సరళమైన పత్రం ఇద్దరికీ రక్షణ.

విద్యార్థి దశలో చేసిన ప్రసిద్ధ పనులు

* 1970లో గ్యారీ ఆండర్సన్ అనే అమెరికా విద్యార్థి ఒక పోటీకి పంపిన మూడు బాణాల గుర్తు పునర్వినియోగానికి ప్రపంచవ్యాప్త చిహ్నమైనది.
* 1971లో పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయ విద్యార్థిని కారొలిన్ డేవిడ్‌సన్ నైకీ సంస్థ గుర్తును 35 డాలర్లకు గీసి ఇచ్చినది. 1983లో ఆ సంస్థ ఆమెకు ఒక ఉంగరం, కొన్ని వాటాలు బహూకరించినది. ఆ బహుమానం సంస్థ ఇష్టపూర్వకంగా ఇచ్చినదే తప్ప తొలి ఒప్పందం వలన వచ్చినది కాదు.
* 2010 జూలైలో భారత ప్రభుత్వం ఆమోదించిన రూపాయి చిహ్నాన్ని (₹) రూపొందించిన డి. ఉదయకుమార్ ఐఐటీ బొంబాయిలో తమిళ అక్షర రూపాలపై పరిశోధన చేసినవాడు. మాతృభాష లిపి అధ్యయనం జాతీయ స్థాయి పనికి ఆటంకం కాదని ఇది తెలియజేస్తుంది.

సవాళ్ళు

2013లో వచ్చిన కాన్వా వంటి సిద్ధ నమూనాల సేవలు, 2022 నుండి ప్రచారంలోకి వచ్చిన కృత్రిమ మేధ చిత్ర సాధనాలు కరపత్రాలు, శుభాకాంక్షల వంటి చిన్న పనులను సామాన్యులే చేసుకునేలా చేసినవి. కొత్త డిజైనర్లు పని నేర్చుకునే తొలి మెట్టు ఈ చిన్న పనులే కాబట్టి ఈ మార్పు ప్రభావం వారిపైనే ఎక్కువ. మరోవైపు స్థానిక భాషను, ఊరి అలవాట్లను, ముద్రణశాల పరిమితులను తెలిసినవారి అవసరం తగ్గలేదు. బ్యానరులో ఒత్తు తప్పిపోయినదని, లేబులుపై తేదీకి చోటు చాలలేదని, ముసలివారికి అక్షరం కనిపించదని చూసి చెప్పడం డిజైనరు బాధ్యతగానే మిగిలి ఉన్నది. మైదుకూరు వంటి పట్టణంలో పెరిగిన విద్యార్థికి ఆ చదువరులు ఇంట్లోవారు, ఇరుగుపొరుగువారే. తన పనిని అచ్చుకు ఇచ్చే ముందు వారికి చూపించి చదివించుకోవడం ఖర్చులేని పరీక్ష.

ఇవి కూడా చూడండి

* మైదుకూరు
* బాపు
* ఏలె లక్ష్మణ్
* కలమళ్ళ శాసనం
* తెలుగు లిపి
* యూనికోడ్
* కాపీహక్కు