ప్రదర్శన నమూనాలకు నునుపు రావాలంటే

తల్లిదండ్రులకు, విద్యార్థులకు,

విజ్ఞాన ప్రదర్శన కోసం పిల్లలు తుంగభద్ర డ్యాం, హంపి రాతిరథం నమూనాలు చేస్తున్నారు. పని బాగానే ఉంటుంది గాని, అతుకుల దగ్గర సందులు, గుంటలు కనబడతాయి. "పైన రంగేస్తే పోతుందిలే సార్" అంటారు. పోదు. రంగు పలచని పొర, గుంటను నింపలేదు. మెరిసే రంగైతే ఇంకా ఎత్తి చూపిస్తుంది. 1:100 కొలతతో చేసిన డ్యాంలో ఒక్క మిల్లీమీటరు సందు అంటే, అసలు డ్యాంలో 10 సెంటీమీటర్ల పగులన్నమాట!

ఆ సందు పూడ్చేది పుట్టీ, పెయింటర్లు లప్పం అంటారే, అదే. ఇదేం కొత్త విద్య కాదు. పక్కనే కొప్పళ జిల్లా కిన్నాళలోనూ, అటు కొండపల్లిలోనూ బొమ్మలు చేసేవాళ్లు రంపంపొట్టు, చింతగింజల జిగురు కలిపి వాడతారు. కొండపల్లిలో దాని పేరు మక్కు.

గోడలకు వాడే పొడి పుట్టీని నీళ్లతో చపాతీ పిండి కంటే కాస్త మెత్తగా కలపండి. అట్టతో చేసిన నమూనా అయితే ముందు నీళ్లు కలిపిన ఫెవికాల్ ఒక పూత పూసి ఆరనివ్వాలి. లేకపోతే అట్ట తడి పీల్చి వంకరపోతుంది. పాత ఏటీఎం కార్డు అంచుతో పలచగా పట్టించండి. ఒకేసారి మందంగా పెడితే పైన ఆరి, లోపల తడి ఉండిపోతుంది. ఆ నీరు పోయేకొద్దీ పుట్టీ కుంచించుకుని పగులుతుంది. రెండు మూడు పలచని పొరలు, ఒక్కోదానికి ఒక రాత్రి. అందుకే ముందురోజు రాత్రి మొదలుపెడితే ఇది కాని పని.

ఆరాక 120 నంబరు ఎమరీ పేపరు, తర్వాత 220. చిన్న చెక్కముక్కకు చుట్టి రుద్దండి, వేళ్లతో రుద్దితే కొత్త గుంటలు పడతాయి. రుద్దే ముందు పుట్టీమీద పెన్సిలుతో తేలిగ్గా గీకండి. రుద్దాక ఎక్కడ గీత మిగిలిందో అక్కడ పల్లం ఉన్నట్టు. అక్కడ మళ్లీ కొంచెం పుట్టీ.

అమ్మానాన్నలకు రెండు మాటలు. కారు పెయింటు షాపులో దొరికే పుట్టీ, థిన్నరు పిల్లల చేతికి ఇవ్వొద్దు. ఆ వాసన మంచిది కాదు, థిన్నరు తగిలితే థర్మాకోల్ కరిగిపోతుంది కూడా. రుద్దేది ఇంటి బయట, ముక్కుకు మాస్కు కట్టుకుని. ఇక నునుపు కోసం మీరే చేసిపెట్టకండి. కాస్త గరుకుగా ఉన్నా పిల్లవాడు రుద్దిందే మాకు కావాలి.

మిగిలిన పుట్టీ సింకులో పోయొద్దు, పైపులో గట్టిపడుతుంది. కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయండి.

– ప్రధానోపాధ్యాయుడు