డీజిల్ ట్రక్కుకు లాకప్ స్విచ్: రెండు వైర్ల పనే, కానీ తెలిసి చేయాలి

లారీ మీద పని నేర్చుకునేవాళ్లకు క్లీనర్‌గా ఉన్న రోజుల్లోనే చెప్పే మాట ఒకటుంది. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వేయొద్దు, ఎక్కిన గేరులోనే దిగు. శ్రీశైలం ఘాట్ అయినా, ఇంకెక్కడైనా ఇదే పద్ధతి. గేరులో ఉన్న బండిని ఇంజినే వెనక్కి పట్టి ఉంచుతుంది, బ్రేకులు కాలిపోవు. క్లచ్ ఉన్న లారీలో ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య పట్టు గట్టిగా ఉంటుంది కాబట్టి దీనికి వేరే ఏర్పాటు అక్కర్లేదు.

అమెరికాలో తిరిగే పాత డీజిల్ పికప్ ట్రక్కుల సంగతి వేరు. వాటిలో చాలావరకు ఆటోమేటిక్ గేర్‌బాక్సులు. అక్కడ స్థిరపడిన మనవాళ్లెవరైనా ట్రైలర్ లాగే పని కోసం అలాంటి సెకండ్ హ్యాండ్ బండి కొంటే, డ్యాష్‌బోర్డు కింద పాత ఓనరు బిగించిన చిన్న స్విచ్ ఒకటి కనపడొచ్చు. దాన్ని లాకప్ స్విచ్ అంటారు. కొత్తగా పెట్టించుకోమని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. అది ఏం చేస్తుందో, ఎలా కలుపుతారో, ఎక్కడ దెబ్బతీస్తుందో తెలిశాకే దాని జోలికి వెళ్లాలి.

టార్క్ కన్వర్టర్ చేసే పని

ఆటోమేటిక్ బండిలో క్లచ్ పెడల్ ఉండదు. ఆ చోట్లో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటు ఇస్తే, దాని గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా. ఇక్కడా అంతే, గాలి బదులు ఆయిల్. ఇంజిన్ వైపు తిరిగేదాన్ని ఇంపెల్లర్ అనీ, గేర్‌బాక్సు వైపు తిరిగేదాన్ని టర్బైన్ అనీ అంటారు. మధ్యలో ఉండే స్టేటర్ ఆయిల్‌ను దారి మళ్లించి, బండి కదిలేటప్పుడు లాగే బలాన్ని పెంచుతుంది. ఈ పద్ధతికి 1905లో పేటెంట్ తీసుకున్నది జర్మన్ ఇంజినీరు హెర్మన్ ఫోటింగర్.

సిగ్నల్ దగ్గర బండి ఆగినా ఇంజిన్ ఆగిపోకపోవడానికి కారణం ఈ ఆయిలే. అయితే దీనికో లోటుంది. రెండో ఫ్యాన్ మొదటిదానితో సమానంగా ఎప్పుడూ తిరగదు. హైవే మీద కూడా ఇంజిన్ రెండు మూడు వందల ఆర్‌పీఎం ఎక్కువ తిరగాల్సి వస్తుంది. ఆ తేడా అంతా ఆయిల్‌లో వేడిగా మారుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది.

అందుకని కన్వర్టర్ లోపలే ఒక క్లచ్ ప్లేటు పెట్టారు. బండి వేగం అందుకున్నాక ఆ ప్లేటు పట్టుకుని ఇంజిన్‌నూ గేర్‌బాక్సునూ నేరుగా కలిపేస్తుంది. అదే లాకప్. ప్యాకార్డ్ కంపెనీ 1949లోనే తన అల్ట్రామాటిక్ గేర్‌బాక్సులో ఇలాంటి ఏర్పాటు తెచ్చింది. క్రైస్లర్ 1978 మోడళ్ల నుంచి దీన్ని మామూలు కార్లలోకి తీసుకొచ్చింది.

స్విచ్ ఎందుకు పుట్టింది

ఉదాహరణకు 5.9 లీటర్ల కమిన్స్ ఇంజిన్ ఉన్న డాడ్జ్ రామ్ ట్రక్కును తీసుకుందాం. 1996 నుంచి 2002 దాకా వచ్చిన ఆటోమేటిక్ డీజిల్ రామ్‌లలో 47ఆర్‌ఇ అనే గేర్‌బాక్సు ఉంటుంది. లాకప్ ఎప్పుడు పడాలి, ఎప్పుడు వదలాలి అనేది అందులో కంప్యూటర్ చూసుకుంటుంది. వేగం ఎంత, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, బ్రేక్ మీద కాలు ఉందా లేదా అని లెక్క చూస్తుంది. డ్రైవరు యాక్సిలరేటర్ నుంచి కాలు తీయగానే లాకప్ వదిలేస్తుంది.

సమస్య అక్కడే. దిగుడులో కాలు తీసినప్పుడే కదా ఇంజిన్ పట్టు కావాల్సింది! లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన ఐ-5 హైవే మీద గ్రేప్‌వైన్ అనే దిగుడు ఉంది. వాలు దాదాపు 6 శాతం, అంటే 100 అడుగులు ముందుకు పోతే 6 అడుగులు కిందికి. వెనక బరువైన ట్రైలర్‌తో అలాంటి చోట దిగుతుంటే, లాకప్ వదిలిన కన్వర్టర్‌లో ఆయిల్ జారిపోతుంది. ఇంజిన్ ఐడిల్‌కు పడిపోతుంది, బండి మాత్రం తోసుకుంటూ పోతుంది. పొగ గొట్టాన్ని మూసి ఇంజిన్‌ను బిగబట్టే ఎగ్జాస్ట్ బ్రేక్ పెట్టించుకున్నా పెద్దగా లాభం ఉండదు. భారమంతా చక్రాల బ్రేకుల మీదే పడుతుంది.

లాకప్‌ను డ్రైవరు చేతికి ఇచ్చే స్విచ్ ఇక్కడ పనికొస్తుంది. స్విచ్ వేస్తే దిగుడులో కూడా ప్లేటు పట్టి ఉంటుంది, ఇంజిన్ బండిని ఆపుతుంది. లారీ మేస్త్రీ చెప్పే పాత నియమం ఆటోమేటిక్‌లో కూడా అమలవుతుందన్నమాట.

వైర్లు ఎలా కలుపుతారు

లాకప్‌ను నడిపేది గేర్‌బాక్సు లోపల ఉండే సాలినాయిడ్ అనే చిన్న కరెంటు వాల్వు. 47ఆర్‌ఇలో దాని ఒక కొసకు తాళం తిప్పగానే 12 వోల్టులు వస్తాయి. రెండో కొస కంప్యూటర్ దగ్గరికి పోతుంది. లాకప్ కావాలనుకున్నప్పుడు కంప్యూటర్ ఆ రెండో కొసను ఎర్త్‌కు కలుపుతుంది. అంటే ఇది పాజిటివ్ ఇచ్చే పని కాదు, ఎర్త్ ఇచ్చే పని. ఈ ఒక్క ముక్క మర్చిపోయి ఆ వైరుకు నేరుగా 12 వోల్టులు తగిలిస్తే లాకప్ పడదు సరికదా, కంప్యూటర్ లోపలి భాగం కాలిపోయే ప్రమాదం ఉంది. కంప్యూటర్ మార్చడమంటే స్విచ్ ఖర్చుకు ఎన్నో రెట్లు.

కంప్యూటర్ ఇంజిన్ గది వెనక గోడ మీద ప్యాసింజర్ వైపు ఉంటుంది. అక్కడికి వచ్చే లాకప్ వైరు సాధారణంగా నారింజ రంగు, మీద నల్ల గీత. రంగు చూసి కత్తెర వేయకూడదు. ఆ ఏడాది సర్వీస్ మాన్యువల్‌లో వైరింగ్ బొమ్మ చూసి, మీటరుతో పరీక్షించి నిర్ధారించుకోవాలి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేస్తే, ఆ వైరుకూ ఎర్త్‌కూ మధ్య దాదాపు బ్యాటరీ వోల్టేజీ కనపడాలి. వైరు కోసే ముందు బ్యాటరీల నెగటివ్ తీసేయాలి. ఈ ట్రక్కులకు రెండు బ్యాటరీలు ఉంటాయి, రెండింటివీ తీయాలి.

స్విచ్ మూడు స్థానాలది తీసుకోవడం మంచిది. మధ్యలో ఆఫ్ ఉండేది. కోసిన వైరులో గేర్‌బాక్సు వైపు కొసను స్విచ్ మధ్య కాలికి, కంప్యూటర్ వైపు కొసను ఒక పక్క కాలికి, మంచి ఎర్త్‌ను ఇంకో పక్క కాలికి కలుపుతారు. ఒక వైపు వేస్తే అంతా కంపెనీ ఇచ్చినట్టే, కంప్యూటర్ చూసుకుంటుంది. మధ్యలో పెడితే లాకప్ అసలు పడదు. ఇంకో వైపు వేస్తే డ్రైవరు బలవంతంగా వేసిన లాకప్. సాలినాయిడ్ లాగే కరెంటు తక్కువ, కాబట్టి 16 లేదా 18 గేజ్ వైరు చాలు. జాయింట్లు మెలితిప్పి టేపు చుట్టి వదిలేయకుండా, సోల్డర్ గానీ క్రింప్ గానీ చేసి హీట్ ష్రింక్ ట్యూబు వేయాలి. ఇంజిన్ వేడికి టేపు జిగురు ఊడిపోతుంది.

ఆటో స్థానం తప్పించినప్పుడు కంప్యూటర్‌కు తన వైరు తెగినట్టు కనపడుతుంది. అప్పుడు లాకప్ సర్క్యూట్‌లో లోపం ఉందని చెప్పే పి0743 లాంటి కోడ్ పెట్టొచ్చు. స్విచ్ బిగించాక ఇంజిన్ లైటు వెలిగితే ముందు గుర్తు రావాల్సింది ఇదే.

రెండు పోల్‌ల స్విచ్ అయితే రెండో పోల్‌తో ఒక చిన్న లైటు కూడా పెట్టొచ్చు. బలవంతపు లాకప్‌లో ఉన్నంతసేపు వెలుగుతుంది. స్విచ్ వేసి మర్చిపోవడమే ఇందులో అన్నింటికంటే ఎక్కువ జరిగే పొరపాటు, కాబట్టి ఆ లైటు అలంకారం కాదు, అవసరం.

బ్రేక్ రిలే ఉండాలా వద్దా

కొందరు బ్రేక్ తొక్కగానే లాకప్ దానంతట అదే వదిలేలా ఒక రిలే పెడతారు. ఐదు కాళ్ల మామూలు రిలే చాలు. స్విచ్ ఎర్త్ కాలి నుంచి వచ్చే వైరును 87ఎ కాలికి, 30వ కాలిని ఎర్త్‌కు కలుపుతారు. 86కు బ్రేక్ లైటు వైరు, 85కు ఎర్త్. పెడల్ తొక్కితే బ్రేక్ లైటు కరెంటుతో రిలే లాగుతుంది, లాకప్‌కు ఎర్త్ తెగుతుంది.

ఇందులో లాభం, నష్టం రెండూ ఉన్నాయి. ఊళ్లో నడిపేవాళ్లకు ఇది రక్షణ. దిగుడులో మాత్రం బ్రేకు కొద్దిగా తాకినా ఇంజిన్ పట్టు పోతుంది. బండి ఎక్కువగా ఇంట్లోవాళ్లు కూడా నడుపుతారంటే రిలే ఉండటమే మేలు. ఘాట్లలో ట్రైలర్ లాగే అనుభవం ఉన్న డ్రైవరు ఒక్కడే నడుపుతాడంటే అతను ఆలోచించి నిర్ణయించుకోవచ్చు.

వేయడం, వదలడం

లాకప్ పడి ఉండగా బండి ఆపితే, క్లచ్ తొక్కకుండా లారీ ఆపినట్టే. ఇంజిన్ వణికి ఆగిపోతుంది. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకుకు ఉండే అదనపు సాయం నిలవ ఉన్నంతవరకే ఉంటుంది. మంచు మీదో, వాన రోడ్డు మీదో గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు ఇది జరిగితే పెద్ద ప్రమాదం.

కాబట్టి పద్ధతి ఇలా ఉండాలి. బండి పై గేర్లలోకి వచ్చి, గంటకు 45 మైళ్లు, అంటే దాదాపు 72 కిలోమీటర్లు అందుకున్నాకే స్విచ్ వేయాలి. వేసేటప్పుడు యాక్సిలరేటర్ తేలికగా ఉండాలి. పూర్తిగా తొక్కి పట్టి వేస్తే ప్లేటు కాలుతుంది. లాకప్ పడితే ఆర్‌పీఎం సూది రెండు మూడు వందలు కిందికి దిగుతుంది, అదే గుర్తు. ఆగాల్సి వస్తుందని తెలిసిన వెంటనే స్విచ్ ఆటోలోకి తేవాలి.

ఎగ్జాస్ట్ బ్రేక్‌తో కలిపి వాడేవాళ్లకు ఇంకో జాగ్రత్త. 47ఆర్‌ఇలో లోపలి ఆయిల్ ప్రెషర్ యాక్సిలరేటర్‌తో కలిసిన కేబుల్ మీద ఆధారపడుతుంది. కాలు తీస్తే ప్రెషర్ తగ్గుతుంది. తక్కువ ప్రెషర్ మీద ఉన్న ప్లేటుకు బరువైన ట్రైలర్ తోపు తగిలితే అది జారుతుంది, జారితే కాలుతుంది. అందుకే ఎగ్జాస్ట్ బ్రేక్ పెట్టేవాళ్లు దిగుడులో ప్రెషర్ పెంచే కిట్ గానీ, మార్చిన వాల్వ్ బాడీ గానీ ముందు వేయిస్తారు. ఒక్క స్విచ్‌తో ఆ పని అయిపోదు.

2007 తర్వాతి కొత్త తరం ఆటోమేటిక్‌లకు ఈ పద్ధతి నప్పదు. వాటిలో కంప్యూటర్ లాకప్‌ను ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా పట్టిస్తుంది. వాటి మీద టాగుల్ స్విచ్ ప్రయోగాలు చేయకూడదు.

జబ్బును దాచే స్విచ్

ఈ ట్రక్కుల్లో ఒక మామూలు జబ్బుంది. హైవే మీద పోతుంటే లాకప్ పడుతూ వదులుతూ ఉంటుంది, బండి కుదుపులు ఇస్తుంది. థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ అరిగినా, ఆల్టర్నేటర్ డయోడ్లు పాడై కరెంటులో అలజడి వచ్చినా, ఎర్త్ వైర్లు తుప్పు పట్టినా ఇలా జరుగుతుంది. ఇవి బాగు చేయించకుండా లాకప్ స్విచ్ పెట్టేస్తే కుదుపు పోతుంది, కారణం మాత్రం అలాగే ఉంటుంది.

అదే స్విచ్ పరీక్షకు మాత్రం బాగా పనికొస్తుంది. బలవంతపు లాకప్‌లో బండి నిలకడగా పోతే, లోపం సెన్సర్ల వైపో కరెంటు వైపో ఉందని అర్థం. అప్పటికీ ఆర్‌పీఎం జారుతుంటే లోపం కన్వర్టర్‌లోనో వాల్వ్ బాడీలోనో ఉంది. ఈ తేడా తెలిస్తే గేర్‌బాక్సు విప్పే ఖర్చు తప్పొచ్చు.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు స్విచ్ కనపడితే రెండు సంగతులు చూడాలి. దాన్ని ఆటోలో పెట్టి హైవే మీద నడిపి చూడాలి. పాత ఓనరును ఎందుకు పెట్టించావని సూటిగా అడగాలి. దిగుళ్ల కోసమని చెబితే ఎగ్జాస్ట్ బ్రేక్, ప్రెషర్ కిట్ కూడా ఉన్నాయేమో చూడాలి. అమ్మేవాళ్లకూ ఒక బాధ్యత ఉంది. సరుకులో ఐబ్ ఉంటే చెప్పి అమ్మాలన్నది మన తిజారత్‌లో మొదటి షరతు. కుదుపును స్విచ్‌తో కప్పిపెట్టి అమ్మితే, ఆ బండిలో దిగుడు దిగేది ఇంకొకరి కుటుంబం.