బీమా సర్వేయరు లెక్క తక్కువైనచో

గ్రామములకు మంచి బాటలు పడిన కొలది కార్లును వచ్చినవి. కార్లతో పాటు ప్రమాదములును వచ్చినవి. దెబ్బతిన్న బండిని షెడ్డులో విడిచి, బీమా కంపెనీ ఇచ్చెదనన్న సొమ్ము మరమ్మతునకు చాలక, వాహనదారుడు సలహా కొరకు మొదట వచ్చునది పంచాయతీ సభ్యుని అరుగు మీదికే. "సర్వేయరు అంతే వ్రాసినాడట, ఇక చేయగలది లేదట" యని అతడు చెప్పును. చేయగలది కలదు. అది ఏమో, ఎంతవరకో సభ్యులకు తెలియజేయుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

సర్వేయరు అనగా నష్టమును అంచనా వేయుటకు లైసెన్సు పొందిన వ్యక్తి. బీమా నియంత్రణ ప్రాధికార సంస్థ ఈ లైసెన్సును ఇచ్చును. మోటారు వాహనముల విషయములో నష్టము 50,000 రూపాయలు దాటినచో ఇట్టివాని నివేదిక తప్పక ఉండవలెను. అయితే అతని అంకెయే తుది తీర్పు కాదు. 1938 నాటి బీమా చట్టము, 64-యు.ఎం. సెక్షనులోనే, సర్వేయరు కట్టిన మొత్తమునకు భిన్నమైన మొత్తమును చెల్లించుటకు కంపెనీకి హక్కు ఉన్నదని చెప్పబడినది. సర్వేయరు నివేదిక ముఖ్యమైనదే కాని చివరి మాట కాదని సుప్రీంకోర్టు కూడ 2009లో ఒక వాహన నష్టపరిహార వివాదమున స్పష్టపరచినది. కావున "మా చేతిలో లేదు" అను సమాధానమును విని వెనుదిరుగ నవసరము లేదు.

ఇక లెక్కకు వత్తము. ఒక రైతు కారు, కొని మూడేండ్లు దాటినది, నాలుగేండ్లు నిండలేదు, అడ్డు వచ్చిన గేదెను తప్పింపబోయి తూము గోడకు కొట్టుకొన్నదనుకొందము. షెడ్డువారి అంచనా ఇట్లున్నది: ప్లాస్టిక్ బంపరు 9,000, ముందు దీపములు 7,000, బానెట్టు, పక్క రేకు 16,000, రేడియేటరు 10,000, ముందు అద్దము 8,000, పనివారి కూలి 12,000, రంగు పని 12,000. మొత్తము 74,000 రూపాయలు. సర్వేయరు 41,000 ఇవ్వవచ్చునని వ్రాసినాడు. తేడా 33,000. రైతు మండిపడి మొత్తము 33,000కు తగవు పెట్టుకొనును. ఇక్కడనే పొరపాటు జరుగుచున్నది.

బీమా పాలసీలో తరుగుదల పట్టిక ఒకటి సాధారణముగా ఉండును. రబ్బరు, ప్లాస్టిక్ భాగములకు, టైర్లకు, బ్యాటరీకి 50 శాతము కోయుదురు. అద్దమునకు కోత లేదు. లోహ భాగములకు బండి వయస్సును బట్టి కోత పెరుగును. రెండవ సంవత్సరమున 10 శాతము, మూడవ సంవత్సరమున 15, నాలుగవ సంవత్సరమున 25, అయిదవ సంవత్సరమున 35, అటుపై పదేండ్ల వరకు 40. రంగు పనికి కూలి, సరకు కలిపి ఒకే బిల్లు ఉన్నచో, అందు నాలుగవ వంతును సరకు ఖరీదుగా భావించి, దానిలో సగము మాత్రమే తగ్గింతురు. కూలికి కోత లేదు. ఇవిగాక 1500 సి.సి. మించని సొంత కారునకు ప్రతి క్లెయిములోను 1,000 రూపాయలు తప్పనిసరి మినహాయింపు. అదనపు ప్రీమియము కట్టి తరుగుదల లేని పాలసీ తీసికొన్నవారికి పట్టిక కోతలు చాలవరకు ఉండవు గాన, మొదట పాలసీ కాగితమును చదువుట మంచిది. చదువువారు అరుదు.

ఈ పట్టిక ప్రకారము మన రైతునకు రావలసినది ఎంత? బంపరునకు 4,500; దీపములకు 3,500; బానెట్టు, రేకునకు 12,000; రేడియేటరునకు 7,500; అద్దమునకు 8,000; కూలికి 12,000; రంగునకు 10,500. మొత్తము 58,000; మినహాయింపు పోగా 57,000. పన్నులను, పాత సామాను విలువను లెక్క సులభముగా ఉండుటకై విడిచినాము. అనగా 33,000 తేడాలో 17,000 న్యాయమైన కోతయే. దానికై వాదించినచో న్యాయమైన మిగిలిన 16,000 కూడ వినువారుండరు.

ఆ 16,000 ఎట్లు పోయినదో తెలియవలెనన్నచో సర్వేయరు నివేదిక ప్రతిని వ్రాతపూర్వకముగా కోరి తీసికొని, షెడ్డు అంచనాతో పద్దు పద్దుగా సరిచూడవలెను. చూడగా, అద్దమునకును సగము కోసినారు, అది 4,000. రంగు బిల్లు మొత్తములో సగము కోసినారు, అందు 4,500 అధికము. రేడియేటరు "పాత అరుగుదల" యని పూర్తిగా కొట్టివేసినారు, అది 7,500. మొదటి రెండు కేవలము పట్టిక చూపి సరిచేయించుకొన వచ్చును. మూడవదియే కష్టము, ఏలయనగా అక్కడ సర్వేయరు కన్నునకు వాహనదారుని మాట ఎదురు నిలువవలెను.

మాటకు బలము సాక్ష్యము. ప్రమాదస్థలమున బండిని కదలింపక మునుపు, నంబరు పలక కనబడునట్లు తీసిన ఫొటోలో రేడియేటరు క్రింద నీరు కారి మడుగు కట్టియున్నచో అది వేయి మాటల పెట్టు. అంతకు ముందు సర్వీసింగు చేయించిన బిల్లులో కారుట అను లోపము లేకుండుట ఇంకొక సాక్ష్యము. ఈ భాగము తాకిడివలననే చిట్లినదని షెడ్డు మెకానిక్కు వ్రాసి ఇచ్చు కాగితము మరియొకటి. సర్వేయరు చూడక మునుపు బండిని విప్పరాదు. విప్పిన పిదప లోపలి దెబ్బ బయటపడినచో, పని ఆపి మరల పరీక్షింపుమని కంపెనీని వెంటనే వ్రాతతో కోరవలెను. పాత భాగములను పారవేయరాదు. కొందరు షెడ్డువారు అవి తమ సొత్తన్నట్లు తీసికొని పోదురు. ఆ విషయమున జాగ్రత్త వహింపవలెను.

కంపెనీకి వ్రాయు ఉత్తరములో కోపము అక్కరలేదు. క్లెయిము సంఖ్య, పద్దు, సర్వేయరు ఇచ్చినది, రావలసినది, అందుకు ఆధారము, ఇంతే. దానిని ఫిర్యాదుల అధికారికి పంపి రసీదు పొందవలెను. సొమ్ము అత్యవసరమై 41,000 తీసికొనవలసి వచ్చినచో, "ఆక్షేపణతో స్వీకరించుచున్నాను" అని వ్రాసి సంతకము చేయుట మేలు. డిశ్చార్జి వోచరుపై సంతకము చేసినంత మాత్రమున అధిక పరిహారము కోరు హక్కు పోదని ప్రాధికార సంస్థ 2015లో సర్క్యులరు ద్వారా తెలిపినది. అయినను వ్రాసిన మాట వివాదమును తగ్గించును.

సంస్థ 2024లో ఇచ్చిన ఆదేశముల ప్రకారము కంపెనీ 15 దినములలో సర్వే నివేదికను పొంది, అటుపై 7 దినములలో నిర్ణయము చెప్పవలెను. కంపెనీ వినకున్నచో బీమా భరోసా పోర్టలులో గాని, 155255 నంబరునకు ఫోను చేసి గాని ఫిర్యాదు నమోదు చేయవచ్చును. ఒక నెల గడిచినను జవాబు రానిచో, వచ్చినది తృప్తి కలిగింపనిచో, బీమా అంబుడ్స్‌మన్ కలడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాములకు అతని కార్యాలయము హైదరాబాదులో ఉన్నది. రుసుము లేదు, వకీలు అవసరము లేదు. కంపెనీ త్రోసిపుచ్చిన ఏడాదిలోగా వెళ్లవలెను. జిల్లా వినియోగదారుల కమిషన్ మార్గమును కలదు, దానికి గడువు రెండేండ్లు. ఒకే వివాదమును రెండు చోట్ల నడుపరాదు.

పదహారు వేలకు ఇంత శ్రమ ఎందుకని కొందరందురు. బాకీ చెల్లింపనిదే షెడ్డువారు బండిని వదలరు. ఆ సొమ్మును నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన రైతునకు నెలకు 320 రూపాయలు వడ్డీయే అగును. ఉత్తరము వ్రాయుటకు ఒక పూట చాలును, దానిని వ్రాసిపెట్టువాడు ఊరిలో ఒకడు ఉండవలెను.

ట్రాక్టరు విషయమును ఒక మాట. తెలంగాణలో పల్లె ప్రగతి క్రింద పంచాయతీలకు ట్రాక్టర్లు వచ్చినవి. వాణిజ్య వాహనముల పాలసీలలో దీపములు, టైర్లు, మడ్‌గార్డులు, బంపర్లు, రంగు మొదలగువాని నష్టము, ఐ.ఎం.టి. 23 అను అదనపు షరతు తీసికొననిదే, సాధారణముగా చేరదు. మీ పంచాయతీ బీరువాలోని పాలసీలో ఆ 23 అంకె ఉన్నదో లేదో, బండి బాగుగా ఉండగానే చూచుకొనుడు.