సారంగధర (తొలి చలనచిత్రాలు)

సారంగధర కథ రాజమహేంద్రవరాన్ని పాలించిన రాజరాజనరేంద్రునితో ముడిపడిన జానపద గాథ. సవతి తల్లి చిత్రాంగి మోపిన నిందను నమ్మి, రాజు తన కుమారుని కాలుసేతులు నరికించాడని ఐతిహ్యం. శాసనాలలో దీనికి ఆధారం లేదు. ఆ రాజు కుమారుడు కులోత్తుంగ చోళునిగా చోళ సింహాసనం అధిష్ఠించాడు. నన్నయచే భారతం వ్రాయించిన ప్రభువుకు ఈ అపకీర్తి అన్యాయమే.

తెలుగు కథ అయినప్పటికీ ఇది టాకీగా ముందు తమిళంలోనే వచ్చింది (1935). నాటకరంగమే అందుకు దారి వేసింది. 1891లో బళ్ళారి సరస వినోదిని సభవారు మద్రాసులో ప్రదర్శించిన తెలుగు నాటకాలను చూసి ప్రేరణ పొందిన పమ్మల్ సంబంధ ముదలియార్, తరువాత తమిళంలో సారంగధర నాటకం రచించాడు. 1936లో కె.సుబ్రహ్మణ్యం దర్శకత్వాన త్యాగరాజ భాగవతార్ నాయకునిగా "నవీన సారంగధర" వెలువడింది. తెలుగు చిత్రాన్ని 1937లో నెల్లూరులో జన్మించిన పి.పుల్లయ్య తీశాడు, శాంతకుమారి నటించింది.