చనుబాలలో దొరికిన హామ్లెట్

స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో కాథరీనా స్వాన్‌బోర్గ్ బృందం చనుబాలను పరిశీలించడం మొదలుపెట్టింది ఇన్ఫెక్షన్ల కోసం. న్యూమోనియా బ్యాక్టీరియా మన కణాలకు అంటుకోకుండా పాలలో ఏది అడ్డుపడుతోందో వాళ్లు తేల్చాలనుకున్నారు. ప్రయోగానికి ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలను తీసుకున్నారు. పాలలోని ఒక భాగం కలిపేసరికి ఆ కణాలే చచ్చిపోయాయి! ప్రయోగం చెడిందని పారబోసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. వాళ్లు కారణం వెతికి, 1995లో ప్రచురించారు.

ఆ పని చేసింది ఆల్ఫా-లాక్టాల్బుమిన్. 123 అమైనో ఆమ్లాల ఈ ప్రొటీన్ తల్లిపాలలో పుష్కలంగా ఉంటుంది. రొమ్ములో లాక్టోజ్ తయారీకి సాయపడుతుంది. మామూలు రూపంలో అది ఏ కణాన్నీ చంపదు. దాని మడతలను బిగించి ఉంచేది కాల్షియం. ఆమ్లం తగిలి కాల్షియం ఊడితే మడతలు సడలుతాయి. అప్పుడు పాలకొవ్వులోనే ఉండే ఒలియిక్ ఆమ్లం వచ్చి చేరుతుంది. ఈ జంటకే హామ్లెట్ అని పేరు. ఇది కణితి కణాల్లోకి చొరబడి మైటోకాండ్రియాను, కేంద్రకాన్ని దెబ్బతీస్తుంది. ఆరోగ్యకరమైన కణాలు చాలావరకు తట్టుకుంటాయి. ఈ తేడాయే అసలు ఆశ.

మొండి పులిపిర్లున్న 40 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2004లో వెలువడ్డాయి. హామ్లెట్ పూసిన 20 మందిలోనూ పులిపిర్ల పరిమాణం 75 శాతం, ఆపైన తగ్గింది. ఉత్తుత్తి మందు పూసినవాళ్లలో ముగ్గురికే అలా జరిగింది. 2007లో ప్రచురించిన మరో అధ్యయనంలో మూత్రాశయ క్యాన్సర్ ఉన్న 9 మందికి, ఆపరేషన్‌కు ముందు ఐదు రోజులు గొట్టం ద్వారా మూత్రాశయంలోకి ఎక్కించారు. మూత్రంలోకి కణితి కణాలు రాలిపడ్డాయి. 8 మందిలో కణితి చిన్నదైంది, లేదా దాని తీరు మారింది.

పాలు తాగితే క్యాన్సర్ తగ్గుతుందని మాత్రం దీన్నిబట్టి ఎవరూ అనుకోకూడదు, చికిత్స అసలే మానకూడదు. పరీక్షించింది ప్రయోగశాలలో తయారుచేసి, కణితికి నేరుగా తగిలేలా ఇచ్చిన పదార్థాన్ని.

ఇప్పుడు చనుబాల సేకరణ అవసరం కూడా తప్పింది. ప్రొటీన్‌లోని 39 అమైనో ఆమ్లాల ముక్కను కృత్రిమంగా తయారుచేసి, ఒలియిక్ ఆమ్లపు లవణంతో కలుపుతున్నారు. ప్రాగ్‌లోని మోటోల్ ఆసుపత్రిలో 40 మంది మూత్రాశయ క్యాన్సర్ రోగులపై దాన్ని పరీక్షించి, 2021లో ఫలితాలు వెల్లడించారు: మందు అందినవాళ్లలో కణితి కణాలు రాలాయి, కణితులు కుంచించుకుపోయాయి. కణితి తిరగబెట్టకుండా ఏళ్ల తరబడి ఆపగలదా అన్నది ఇంతకంటే పెద్ద ట్రయల్సే తేల్చాలి.