కథల చిత్తుపుస్తకము

కథలు వ్రాయు బాలబాలికలు మన పాఠశాలలో కొందఱు గలరు. వారిలో ననేకులు విడికాగితములమీదనే వ్రాయుదురు. సగము కథ లెక్కల పుస్తకపు చివరి పుటలలో నుండును. తక్కిన సగము పరీక్షకాగితపు వెనుకప్రక్క నుండును. కథ ముగియగానే చక్కగా నెత్తివ్రాసి, చిత్తుప్రతిని చించి పాఱవేయుదురు. సొంతముగా కల్పించిన కథయైనచో నష్టము స్వల్పమేమో గాని, ఇంటిలో అవ్వ చెప్పిన కథయైనచో నట్లు కాదు. తొలిచిత్తులో నామె పలికిన మాట లుండును. ఎత్తివ్రాయునప్పు డవి పాఠ్యపుస్తకపు మాటలుగా మాఱిపోవును. కొన్నియేండ్ల పిదప ఆమె పలుకుబడి యెట్టిదో తెలిసికొనగోరినచో, ఆ చిత్తుకాగితము తప్ప వేఱాధార ముండదు. కావున చిత్తుప్రతులను క్రమముగా నుంచుకొను విధము నిచ్చట వ్రాయుచున్నాను. తలిదండ్రులును దీనిని చదువుదురు గాక.

దారముతో కుట్టిన నోటుపుస్తకమే మంచిది. తీగచుట్టతో కూర్చినదానినుండి పుటలు సులభముగా నూడివచ్చును. కథ మొదలిడకముందే పుటలన్నిటికిని 1 మొదలుకొని సంఖ్యలు వేయవలెను. సంఖ్యవేసిన పుటను చించుటకు చేయి వెనుదీయును. చించినను లోపము కనబడును. మొదటి రెండాకులు విషయసూచికకు విడువవలెను. అందు కథ పేరు, మొదలిడిన తేది, పుటసంఖ్య యుండిన చాలును. ఒక కథ నడుమ నిలిచిపోయి మఱియొకటి ప్రారంభమగుట పిల్లలకే కాదు, పెద్దలకును సహజము. అప్పుడు 14వ పుట యడుగున "తరువాయి 31వ పుటలో" అనియు, 31వ పుట తలకట్టున "14వ పుటనుండి" అనియు వ్రాసినచో కథ తెగిపోదు.

కుడిపుటలోనే కథ వ్రాసి, యెడమపుటను ఖాళీగా విడువవలెను. కాగితము వ్యర్థమని యింటివారు కోపింతురేమో! ఆ ఖాళీపుటయే తరువాత నెక్కువగా నిండును. కుప్పము ప్రాంతపు పిల్లలకిది మిక్కిలి యుపయోగకరము. అచ్చట తెలుగు, తమిళము, కన్నడము ఇరుగుపొరుగున వినబడుచుండుటచే నొకే కథలో మూడు భాషల మాటలును దొరలును. విన్న మాటను విన్నట్లే కుడిపుటలో నుంచి, దాని యర్థమును, ఎవరు పలికిరో, ఏ యూరివారో యెడమపుటలో వ్రాయవలెను. నడుమ విడిచిపోయిన మాటకు హంసపాదము వేసి పైన చేర్చవచ్చును. ఆదిలోనే హంసపాదని లోకులు వెక్కిరింతురు గాని, చిత్తుప్రతిలో నది దోషము కాదు.

కొట్టివేయవలసిన మాటమీద నొక్కగీత మాత్రమే గీయవలెను. క్రింది మాట చదువుటకు వీలుగా నుండవలెను. రవీంద్రనాథ ఠాకూరుగారి వ్రాతప్రతులలో కొట్టివేతలు చిత్రములుగా నల్లుకొని యుండును. 1924లో వ్రాసిన "పూరబి" కావ్యపు వ్రాతప్రతి యిందుకు ప్రసిద్ధము. వారు 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలకు విచ్చేసి, 1911లో బంగాళీభాషలో వెలువడిన "జనగణమన" గీతమును అచ్చటనే ఆంగ్లమున స్వహస్తముతో వ్రాసి యిచ్చిరి. ఎనిమిదేండ్ల తరువాత నైనను తన గీతమును మరల చేతబట్టి మఱియొక రూపమున వ్రాయుట కా మహాకవి వెనుదీయలేదు.

రెండవసారి వ్రాయునప్పుడు మొదటి చిత్తుమీదనే దిద్దక, క్రొత్తపుటలో తేదివేసి వ్రాయవలెను. గురజాడ అప్పారావుగారి "కన్యాశుల్కము" 1897లో నచ్చయ్యెను. దానిని వారే తిరుగవ్రాసి 1909లో మరల ప్రకటించిరి. రెండు కూర్పులును నిలిచియుండుటచేతనే మధురవాణి పాత్ర యెంత పెరిగినదో నేడు మనము చూడగలుగుచున్నాము. తేది లేనిచో నెంత చిక్కో చార్లెస్ ఫిలిప్ బ్రౌనుదొరగారి పనివలన తెలియును. కడపలో నుద్యోగించిన యీయన వేమన పద్యముల తాళపత్రప్రతులను పెక్కింటిని సేకరించి, పండితుల సాయముతో పోల్చి, 1829లో నచ్చువేయించెను. ప్రతికొక పాఠము, ఏది ముందో యేది వెనుకో చెప్పువారు లేరు. 1911 వఱకు మదనపల్లె తాలూకాయు కడపజిల్లాలోనిదే గనుక ఇది మన పొరుగుముచ్చటయే.

పాత్రలకై చివర నొక పుట కేటాయించుట మేలు. పేరు, వయస్సు, ఊరు, బంధుత్వము అందుండవలెను. లేకున్నచో మొదటిపుటలో తెల్లనైన పుంగనూరు ఆవు అయిదవపుటలో నెఱ్ఱనిదగును! పొట్టిదగుటచే నది ప్రసిద్ధిగాంచినది గనుక, ఎత్తుమాత్రము మఱచిపోరని తలంతును.

వానకాలమున కొన్ని సిరాలు తడికి వ్యాపించును. పెన్సిలువ్రాత తడికి చెదరదు గాని, పుటలు రాచుకొని మాసిపోవును. పుస్తకము నిండినపిదప నట్టమీద వరుససంఖ్యయు, మొదలిడిన, ముగించిన తేదులును వ్రాసి, నేలకు గోడకు తగులకుండ పెట్టెలో నుంచవలెను. చెదలు రెండువైపులనుండియు వచ్చును. నెల కొకసారి యెండవేళ తెఱచి చూచుచుండవలెను.