బిళ్ల మీది ఏడు, బిళ్ల పుట్టిన ఏడు

మానుకోటకు మహబూబాబాద్ అన్న పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ మీదుగా వచ్చింది. ఆయన పేరులోని మొదటి అక్షరం ‘మీమ్’ ఆయన కాలపు చార్మినార్ వెండి రూపాయి మీద కూడా ఉంది. చార్మినార్ బొమ్మను భూతద్దంలో చూస్తే నడిమి ద్వారంలో కనిపిస్తుంది. 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ఆ చోటికి ఆయన పేరులోని ‘అయిన్’ అక్షరం వచ్చింది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలు అప్పట్లో నిజాం రాజ్యంలోనివే. పాత ఇళ్ల సందూకుల్లో, తండాల్లో లంబాడీ మహిళల దండల్లో ఇక్కడ చార్మినార్ రూపాయలు, రాణి, రాజు బొమ్మల కల్దార్లు, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయలు, ఇప్పటికీ కనిపిస్తాయి. వాటికి గిరాకీ పెరిగేకొద్దీ అదే రూపంలో కొత్త బిళ్లలూ బజారుకు వస్తున్నాయి. ఏది అసలు, ఏది తర్వాతిది?

మూడు రకాలు

తన కాలంలో, తన టంకశాలలో, చెలామణి కోసం పుట్టింది అసలు నాణెం. పాత ముద్రలతోనో, అదే నమూనాతో చేసిన కొత్త ముద్రలతోనో టంకశాలే పాత సంవత్సరం వేసి మళ్లీ కొడితే అది పునర్ముద్రణ. బయటివాళ్లు మోసం చేయడానికి తయారుచేసింది నకిలీ.

పునర్ముద్రణకు లోకప్రసిద్ధమైన ఉదాహరణ ఆస్ట్రియా రాణి మరియా థెరీసా వెండి నాణెం. ఆమె 1780లో మరణించింది. ఆ తర్వాత వియన్నాతో పాటు ఎన్నో టంకశాలలు 1780 అన్న అంకెతోనే దాన్ని కొడుతూ వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన బొంబాయి టంకశాల కూడా కొట్టింది. బొంబాయి, కలకత్తా టంకశాలలు సేకర్తల కోసం ఈస్టిండియా కంపెనీ కాలపు, విక్టోరియా కాలపు నాణేలను కూడా పాత ముద్రలతో మళ్లీ కొట్టి అమ్మాయి.

మామూలు చెలామణి నాణేల్లోనూ ఈ తిరకాసు ఉంది. 1862 అని ఉన్న విక్టోరియా రూపాయిని ఏటా సంవత్సరం మార్చే పద్ధతి వచ్చేదాకా, అంటే 1870ల దాకా, అదే అంకెతో కొట్టారు. కాబట్టి బిళ్ల మీది ఏడు ఒక ఆధారమే, రుజువు కాదు.

ఉబ్బు చెప్పేది, గుంట చెప్పేది

ముద్ర అంటే బొమ్మను తిరగేసి చెక్కిన ఉక్కు దిమ్మె. దాని మీద గుంట ఉంటే బిళ్ల మీద ఉబ్బు వస్తుంది. పరీక్షకు కీలకం ఇదే. ఏళ్ల తరబడి టంకశాలలో పడున్న ముద్రకు తుప్పు పట్టి చిన్న చిన్న గుంటలు పడతాయి. దానితో మళ్లీ కొడితే బిళ్ల నేల మీద ఆవగింజల కన్నా చిన్న బొడిపెలు లేస్తాయి. తుప్పు పోవడానికి ముద్రను అరగదీస్తే సన్నని గీతలు ఉబ్బుగా వస్తాయి, పలుచని అక్షరాలు, ఆభరణాల వివరాలు చెరిగిపోతాయి. అంచులు మాత్రం కొత్తగా, పదునుగా ఉంటాయి. ఒక ఏటి బొమ్మ వైపు ముద్రకు మరో ఏటి వెనక వైపు ముద్రను జతచేసిన బిళ్లలూ పునర్ముద్రణల్లో కనిపిస్తాయి.

వాడకంలో పడిన దెబ్బ, గీత గుంటగానే ఉంటాయి. అసలు నాణెం నుంచి అచ్చు తీసి నకలు చేస్తే, ఆ నాణేనికి తగిలిన దెబ్బ కూడా నకలులోకి వస్తుంది. రెండు బిళ్లల మీద ఒకే చోట, గుంటగా, ఒకే గీత ఉంటే కనీసం ఒకటి నకలే.

పోతపోసిన నకిలీని గుర్తించడం ఇంకా తేలిక. కరిగిన లోహంలో చిక్కిన గాలి వల్ల సూదిమొన గుంటలు పడతాయి. అక్షరాల అంచులు మెత్తగా ఉంటాయి. అంచు చుట్టూ రెండు అచ్చులు కలిసిన గీత, దాన్ని ఆకురాయితో రాసిన జాడ దొరకవచ్చు. అయితే ఈ సూత్రం యంత్రపు నాణేలకే. శాతవాహనుల నాటి కొండాపూర్‌లో నాణేల మట్టి అచ్చులు దొరికాయి. అంత పాత బిళ్ల మీద పోత గుర్తు కనిపించగానే నకిలీ అనకూడదు.

తక్కెడ, గ్లాసెడు నీళ్లు

1903 తర్వాతి చార్మినార్ రూపాయి బరువు 11.178 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. కల్దార్ బరువు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. అంటే హాలీ అని పిలిచే ఈ చార్మినార్ రూపాయిలో 9.14 గ్రాముల వెండి, కల్దార్‌లో 10.69. అప్పట్లో ఏడు హాలీలకు ఆరు కల్దార్లు ఇచ్చేవారు. గుణించి చూడండి, రెండువైపులా దాదాపు 64 గ్రాముల వెండే.

బరువును నకిలీ చేయవచ్చు, బరువుతో పాటు సాంద్రతనూ నకిలీ చేయడం కష్టం. కంసాలి వాడే డిజిటల్ కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి, అడుగుకూ గోడలకూ తగలకుండా నీళ్లలో ముంచండి. అసలు హాలీ రూపాయి అయితే కాటా సుమారు 1.10 గ్రాములు చూపాలి. అదే బరువున్న రాగి-నికెల్ బిళ్ల అయితే 1.26 దాకా చూపుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో హాలీ రూపాయిలో వెండిని 50 శాతానికి తగ్గించారు. దానికి 1.16 దగ్గర వస్తుంది, అది నకిలీ కాదు. అయస్కాంతానికి అంటితే అది వెండి రూపాయి కాదు. అంటనంత మాత్రాన వెండి అని కూడా కాదు, ఇత్తడి కూడా అంటదు.

తేదీల పొంతన కూడా చూడాలి. చార్మినార్ నాణేల మీద ఉండేది హిజ్రీ సంవత్సరం. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే సుమారుగా క్రీస్తుశకం వస్తుంది. పూర్తి చార్మినార్ బొమ్మతో నాణేలు మొదలైన హిజ్రీ 1321 అంటే 1903. ద్వారంలో ‘అయిన్’ ఉండి హిజ్రీ 1329 కన్నా ముందు సంవత్సరం ఉంటే ఆ బిళ్లను అనుమానించాల్సిందే, అప్పటికి ఉస్మాన్ అలీఖాన్ ఇంకా నిజాం కాలేదు.

దొరికితే, దాచుకుంటే

పాత నాణేన్ని చింతపండుతోనో, బూడిదతోనో తోమొద్దు. నల్లని పొర దశాబ్దాల గాలి తాకిడికి ఏర్పడింది. అసలుతనానికి అదొక సాక్ష్యం. దండలో కూర్చడానికి అతికించిన కొక్కెం జాడ సేకర్తల దగ్గర ధర తగ్గిస్తుంది గానీ నాణెం నకిలీ అని చెప్పదు.

భూమిలో దొరికినదాని సంగతి వేరు. 2021 ఏప్రిల్‌లో జనగామ దగ్గరి పెంబర్తిలో నేల చదును చేస్తుంటే బిందెలో బంగారు, వెండి ఆభరణాలు బయటపడ్డాయి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువైనది ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలి. చెదరకుండా అప్పగిస్తే నాణెం ఎక్కడ, ఎంత లోతున, దేనితో కలిసి ఉందో నమోదవుతుంది. అసలా కాదా తేల్చడానికి అంతకన్నా బలమైన ఆధారం లేదు.

అసలు నాణేలను కళ్లారా చూడాలంటే హైదరాబాద్‌లో సైఫాబాద్ టంకశాల మ్యూజియం, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం ఉన్నాయి. కొనే ముందు ఒకసారి వెళ్లి రండి. కొనేటప్పుడు ముందు తూకం వేయండి, అంచు చూడండి, ఉబ్బూ గుంటా పరీక్షించండి. ఏడు చదవడం చివరి పని.